ల్యాప్‌టాప్‌ని ఫ్రిజ్‌లో పెట్టమనకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆదివారం మీ పత్రికలో వేసిన వేసవి చిట్కాల్లో ఒక పాఠకుడు రాసింది చదివాను. ల్యాప్‌టాప్ బాగా వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంటే ప్లాస్టిక్ కవరులో చుట్టి పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. తీశాక కొత్తదానిలా పరుగెత్తుతుందట. రాసినాయన మంచి మనసుతోనే రాసుంటారు. ఆయన ల్యాప్‌టాప్ ఆ పూటకి పనిచేసి కూడా ఉంటుంది. కానీ సోమవారం పొద్దున షాపు షట్టరు ఎత్తేసరికి ఒక సున్నం మిల్లు గుమాస్తా ఆ పేపరు ముక్క జేబులో, ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "పేపర్లోనే వేశారు కదన్నా" అని ఆయన వాదన. కీబోర్డు ఎత్తి చూస్తే బోర్డు మీద తడి ఇంకా ఆరలేదు.

నేను పిడుగురాళ్లలో కంప్యూటర్ రిపేరు షాపు నడుపుతాను. అంతకు ముందు టీవీలు, ఇంకా ముందు టేప్‌రికార్డర్లు. కాబట్టి ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను. కొంచెం పొడుగైనా వేసుకోండి. మీ పేపరు చదివి ఇంకెంతమంది ఫ్రిజ్ తలుపు తీస్తారోనని భయంగా ఉంది.

ఫ్రిజ్ లోపల నాలుగైదు డిగ్రీలు ఉంటుంది. అంత చల్లబడ్డ వస్తువుని బయటికి తీస్తే, చల్లటి నీళ్ల సీసాకి చెమట పట్టినట్టు, దానికీ పడుతుంది. సీసాకి బయట పడుతుంది కాబట్టి తుండుతో తుడిచేస్తాం. ల్యాప్‌టాప్‌కి లోపల పడుతుంది, మన కంటికి ఆనదు. కవరులో చుట్టాం కదా అనుకోవద్దు. కవరు తీసి ఆన్ చేయగానే లోపలి ఫ్యానే గదిలోని తేమగాలిని లాక్కొచ్చి చల్లటి బోర్డు మీద పోస్తుంది. కరెంటు పారుతున్న బోర్డు మీద తడి నిలిస్తే అదృష్టం బాగుంటే ఏమీ కాదు, లేదంటే అక్కడికక్కడే షార్టు. ఈ రెండూ కాకుండా మూడోది ఉంది, అదే నాకు ఎక్కువగా కనపడేది. చిప్పుల కాళ్ల దగ్గర పచ్చగా చిలుము మొదలై, వర్షాకాలం వచ్చేసరికి బోర్డు పోతుంది. అప్పటికి ఫ్రిజ్ సంగతి ఎవరికీ గుర్తుండదు. "ఏమీ చేయలేదండీ, దానంతట అదే పోయింది" అంటారు.

అసలు ల్యాప్‌టాప్ ఎందుకు ఆగిపోతుందో తెలిస్తే ఫ్రిజ్ దాకా ఎవరూ పోరు. లోపల పనంతా చేసే చిప్పుకి, అంటే ప్రాసెసర్‌కి, తన వేడి తాను కొలుచుకునే ఏర్పాటు ఉంటుంది. ఇప్పటి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 95 నుంచి 105 డిగ్రీల మధ్యలో పెడతారు. ఆ హద్దు దగ్గరికి రాగానే అది ముందు వేగం తగ్గించుకుంటుంది. పని తగ్గితే వేడి తగ్గుతుంది కదా, అదీ లెక్క. దీన్నే మావాళ్లు త్రాట్లింగ్ అంటారు. అలా తగ్గించుకున్నా వేడి ఆగకుండా ఎక్కుతుంటే, కాలిపోవడం కంటే ఆగిపోవడం మేలని ఉన్నపళంగా కరెంటు కోసేసుకుంటుంది. సేవ్ చేసుకోండి, మూసుకోండి అని చెప్పే వ్యవధి ఉండదు. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్‌లో కొట్టిన ఎంట్రీలు పోయాయని తిట్టుకుంటాం గానీ, ఆ క్షణాన అది తన ప్రాణం కాపాడుకుంది. ఆగిపోయిందంటే చాలామంది బోర్డు పోయిందనుకుంటారు. బోర్డులో కాపలా వ్యవస్థ బాగానే ఉందని దానర్థం.

వేగం తగ్గించుకునే దశ గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే జనం డబ్బు ఎక్కువ పోగొట్టుకునేది అక్కడే. పది నిమిషాలు బాగా నడిచి తర్వాత నత్తనడక పట్టిన ల్యాప్‌టాప్‌ని తెచ్చి "విండోస్ మార్చండి" అంటారు. ఒక చోట మార్పిస్తారు. తగ్గదు. ఇంకో చోట ర్యామ్ వేయిస్తారు. తగ్గదు. మూడో చోట ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్కు. దాంతో ఆన్ అవడం చురుగ్గా అవుతుంది కాబట్టి రెండు రోజులు సంతోషం, మళ్లీ అదే కథ. వేడికి వేగం తగ్గించుకుంటున్న యంత్రానికి ఎన్ని కొత్త పార్టులు తగిలించినా ఏం లాభం? ఫ్యాను పక్క కన్నాల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోయేది. ఫ్యాను గోల చేస్తోంది కానీ బయటికి గాలి రావడం లేదంటే సమస్య అక్కడే ఉంది.

అయితే ఆగిపోయిన ప్రతిదీ వేడి వల్లే ఆగిందని కాదు. దీన్ని వేరు చేయడం షాపుకి రాకుండా ఇంట్లోనే చేసుకోవచ్చు. వేడి వల్ల ఆగేది పని ఎక్కువ ఉన్నప్పుడు, కొంతసేపు నడిచాక ఆగుతుంది. వెంటనే ఆన్ చేస్తే ఈసారి ఇంకా తొందరగా ఆగుతుంది. గంట వదిలేస్తే మళ్లీ మామూలుగా నడుస్తుంది. ఛార్జింగ్ పెట్టినంతసేపు బాగుండి, వైరు తీశాక 30 శాతం ఉందని చూపిస్తూనే టక్కున ఆరిపోతే అది బ్యాటరీ. కదిపినప్పుడు, ఛార్జర్ పిన్ను ముట్టుకున్నప్పుడు ఆరిపోతే జాక్ చూపించుకోవాలి. నీలం తెర వచ్చి ఏదో కోడ్ చూపించి తిరిగి మొదలైతే అది ఎక్కువసార్లు డ్రైవరో (పార్టుల్ని విండోస్‌తో కలిపి నడిపించే చిన్న ప్రోగ్రాము) ర్యామో అయి ఉంటుంది. విండోస్‌లో మిషనుకి జరిగినవన్నీ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్-పవర్ 41 అని ఎర్రగా కనపడుతుంది. అది చూసి యూట్యూబ్‌లో వెతికి పవర్ సప్లై పోయిందని తేల్చుకుని వచ్చేవాళ్లు ఉన్నారు. ఆ 41 చెప్పేదల్లా మిషను సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే. ఎందుకు ఆగిందో అది చెప్పదు. కరెంటు పోయినా 41, వేడెక్కినా 41, పిల్లాడు పవర్ బటన్ నొక్కి పట్టుకున్నా 41.

వేడి సంగతి తేలాలంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ వేసుకుని, సెన్సర్ల పేజీలో ప్రాసెసర్ డిగ్రీలు చూడండి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ఆట ఆడుతూ 90 చూసి కంగారు పడనక్కర్లేదు, దాని తయారీయే అంత. ఉత్త వర్డ్ ఫైలు తెరిచి కూర్చున్నప్పుడు 90 చూపిస్తుంటే మాత్రం విప్పే సమయం వచ్చిందన్నమాట. ఏ పనీ లేకుండానే ప్రాసెసర్ వాడకం సగం పైన ఉంటే ముందు ఏ ప్రోగ్రాము ఎంత వాడుతోందో చూపించే టాస్క్ మేనేజర్ చూడండి. డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ నడిపించే క్రాక్ ఫైళ్లతో పాటు, మన ప్రాసెసర్‌తో ఎవరికో క్రిప్టో నాణేలు తవ్విపెట్టే ప్రోగ్రాములు కూడా దూరి ఉంటాయి. ఆ వేడికి బ్రష్షు పనిచేయదు.

ఇక విప్పితే కనపడేది చెప్తాను. ప్రాసెసర్ మీద రాగిరేకు, దాని నుంచి ఒక చప్పిడి రాగిగొట్టం, ఆ గొట్టం చివర సన్నటి రెక్కల వరస, ఆ రెక్కల ముందు ఫ్యాను. గొట్టం లోపల గాలి తీసేసి కాసిని నీళ్లు మాత్రం ఉంచుతారు. ప్రాసెసర్ దగ్గర అవి ఆవిరై, రెక్కల దగ్గర చల్లబడి మళ్లీ నీళ్లై వెనక్కి వస్తుంటాయి. ఇందులో తిరిగే భాగం ఫ్యాను ఒక్కటే. చెడేది ఎక్కువగా రెండు చోట్ల: ఫ్యానుకీ రెక్కలకీ మధ్య సందు, ప్రాసెసర్‌కీ రాగిరేకుకీ మధ్య వేడిని చేరవేసే పేస్టు.

ఆ సందులో దుమ్ము, నూలుపోగు, తలవెంట్రుకలు కలిసి ఒక పొర కడతాయి. బయటి కన్నాల్లోంచి చూస్తే రెక్కలు శుభ్రంగానే కనపడతాయి. పొర ఉండేది రెక్కలకి అవతల, ఫ్యాను వైపు. అందుకే విప్పకుండా బయటినుంచి బ్లోయర్ కొడితే ఆ పొర వెనక్కి లేచి ఫ్యాను మీద పడి, మర్నాటికి మళ్లీ అక్కడికే వచ్చి అతుక్కుంటుంది. ఊరిని బట్టి ఆ పొర రంగు మారుతుంది. గుంటూరు మిర్చి కొట్ల నుంచి వచ్చినవాటిని తెరిస్తే ముందు తుమ్ములు, తర్వాతే పని. జిన్నింగ్ మిల్లు ఆఫీసులవైతే దూది. మా ఊరివి అన్నిటికంటే మొండి. పిడుగురాళ్ల అంటేనే సున్నపు బట్టీలు కదా. కాల్చిన సున్నం దుమ్ము గాల్లో తేమ పీల్చుకుని, తర్వాత గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి తిరిగి రాయిలా గట్టిపడుతుంది. గోడకి వేసిన వెల్ల గట్టిపడేదీ ఇలాగే. ఆ గట్టిపడడం రెక్కల సందుల్లో జరిగితే ఏ బ్లోయర్‌కీ ఊడిరాదు. పైగా సున్నం తడిస్తే అల్యూమినియాన్ని తింటుంది. అల్యూమినియం రెక్కలు చివర్ల అరిగి పొడి రాలుతున్నవి నా బల్ల మీదికి చాలానే వచ్చాయి.

సోమవారం వచ్చిన గుమాస్తా గారిది సరిగ్గా ఇదే. తడి ఆరనిచ్చి, బ్యాటరీ కనెక్టర్ పీకి పక్కన పెట్టి, హీట్‌సింక్, అంటే ఆ రాగిరేకు, గొట్టం, రెక్కలు కలిసిన భాగం, విప్పాను. రెక్కల ముందు తెల్లటి పలక ఒకటి అడ్డంగా కట్టి ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకి వెలుతురు కనపడే సందు లేదు. కింద గాలి లాగే కన్నాలకి ఆయనే దోమతెర గుడ్డ కత్తిరించి గమ్‌తో అంటించాడు, సున్నం లోపలికి పోకుండా. తెలివైన ఆలోచనే, మెచ్చుకున్నాను కూడా. కానీ ఆ గుడ్డ నిండితే గాలే ఆగిపోతుంది, నిండక ముందు సన్నటి సున్నం ఎటూ ఆగదు. గుడ్డ పీకేసి, రెక్కల్ని విడిగా తీసి, మెత్తటి బ్రష్షుతో ఒక్కో సందూ గీకుతూ ఊడదీశాను. ఫ్యాను రెక్కల అంచులు ఇయర్‌బడ్‌తో తుడిచాను. ప్రాసెసర్ మీది పేస్టు ఎండి బీటలు వారి, గోటితో తాకితే పెచ్చులుగా లేచింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్త పేస్టు పెట్టాను. మూత బిగించి గంటసేపు బరువైన పని అప్పజెప్పి చూస్తే ఆగలేదు. మొత్తం 600 రూపాయలు.

ఆ ల్యాప్‌టాప్‌కే మా దగ్గరికి రాకముందు ఒక సర్వీస్ సెంటర్ మదర్‌బోర్డు మార్చాలని, 22 వేలు అవుతుందని చెప్పింది. విప్పకుండానే చెప్పింది! కౌంటర్‌లో ఆన్ చేసి, ఆగిపోవడం చూసి, కాగితం రాసిచ్చారట. పేరు రాయను, రాయాల్సిన పని కూడా లేదు. ఒక్క సెంటరే ఇలా ఉంటే ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ణి కాదు. అక్కడి కుర్రాళ్లది తప్పని కూడా నేను అనను. శుభ్రం చేయడం బిల్లులో పెద్ద లెక్కకి రాదు, బోర్డు మార్చడం వస్తుంది. వాళ్లకి రోజుకి ఇన్ని జాబ్‌లు ముగించాలని పైనుంచి ఒత్తిడి. గంటసేపు కూర్చుని సున్నం గీకే తీరిక ఎవరికుంది?

మీ పాఠకుల్లో చెయ్యి తిరిగినవాళ్లు సొంతంగా చేసుకోవచ్చు, కాదనను. ప్రతి మోడల్‌కీ విప్పే పద్ధతి వేరు. కొన్ని పెద్ద కంపెనీలు తమ సర్వీస్ మాన్యువల్ నెట్‌లో ఉచితంగానే పెడతాయి. మీ మోడల్ నెంబరు కొట్టి అది దించుకుని చదివాకే స్క్రూడ్రైవర్ పట్టండి. బ్యాటరీ కనెక్టర్ తీయకుండా లోపల వేలు పెట్టొద్దు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను తిరగకుండా టూత్‌పిక్ అడ్డం పెట్టండి, గాలికి అది ఓర్వలేని వేగంతో తిరిగితే బేరింగ్ పోతుంది. పంక్చర్ షాపుకి తీసుకెళ్లి కంప్రెసర్ గాలి కొట్టించడం మా వైపు బాగా అలవాటు. ఆ ట్యాంకులో నీళ్లు, నూనె చేరి ఉంటాయి, గాలితో పాటు అవీ వచ్చి బోర్డు మీద పడతాయి. నోటితో ఊదడం కూడా అంతే, ఉమ్మి తప్ప లాభం లేదు.

పేస్టు విషయంలో యూట్యూబ్ పండితులు చాలామంది ఉన్నారు. టూత్‌పేస్ట్ పెట్టేవాళ్లని కూడా చూశాను. రెండు రోజులు చల్లగా ఉంటుంది, నీరు ఆరిపోయాక పిండి మిగులుతుంది. ఎలక్ట్రానిక్ కొట్లలో అమ్మే తెల్ల కాంపౌండ్ ట్రాన్సిస్టర్లకి సరిపోతుంది గానీ ల్యాప్‌టాప్ వేడికి తొందరగా ఎండిపోతుంది. ఆర్కిటిక్ ఎంఎక్స్-4 లాంటి పేరున్న పేస్టు చిన్న సిరంజి కొంటే చాలాసార్లకి వస్తుంది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కి డెస్క్‌టాప్‌దాని మాదిరి పైన లోహపు మూత ఉండదు, ఒట్టి సిలికాన్ ముక్క. కాబట్టి ఆ ముక్క మొత్తం కప్పేలా పల్చగా పట్టించాలి, ఎక్కువైతే పక్కకి కారడమే. హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు అచ్చు వేసి ఉంటాయి. అలంకారానికి కాదవి. ఆ వరసలోనే, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక మూల పూర్తిగా బిగించి రెండో మూలకి పోతే సిలికాన్ మూల విరుగుతుంది. అప్పుడు నిజంగానే 22 వేలు.

పక్కన మెమరీ చిప్పుల మీద మెత్తటి రబ్బరు ముక్కల్లా ఉండేవి వేడిని హీట్‌సింక్‌కి చేరవేసే థర్మల్ ప్యాడ్లు. చిరిగాయని వాటి బదులు కూడా పేస్టే పూసేస్తుంటారు. అక్కడ సందు ఎక్కువ, పేస్టు అందదు. అర మిల్లీమీటరు ప్యాడ్ ఉన్నచోట మిల్లీమీటరుది పెట్టినా తంటాయే, హీట్‌సింక్ పైకి లేచి ప్రాసెసర్‌కి ఆనదు. శుభ్రం చేయించాక వేడి ఇంకా పెరిగిందని వచ్చే కేసుల్లో సగం ఈ ప్యాడ్ల పుణ్యమే.

ఒక్క సందర్భంలో మాత్రం స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దు. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, మూత సరిగ్గా మూసుకోకపోయినా, అడుగున పొట్ట వచ్చినట్టున్నా లోపల బ్యాటరీ ఉబ్బింది. ఛార్జింగ్ తీసేసి, ఆపేసి, నొక్కకుండా, గుచ్చకుండా తెలిసినవాడి దగ్గరికి తీసుకెళ్లండి. లిథియం బ్యాటరీకి కన్నం పడితే నిప్పు అంటుకుంటుంది.

ఇప్పుడు ఎండల సంగతి. కొత్త ల్యాప్‌టాప్ డబ్బాలో వచ్చే చిన్న పుస్తకం ఎవరూ చదవరు. అందులో ఇది ఎన్ని డిగ్రీల గదిలో వాడాలో రాసి ఉంటుంది. చాలా కంపెనీలు పై హద్దు 35 డిగ్రీలని రాస్తాయి. మేముండేది పల్నాడు. మే నెల వస్తే మీ పేపర్లోనే రెంటచింతల పేరు లేని వాతావరణ వార్త ఉండదు. 45 డిగ్రీల మధ్యాహ్నం రేకుల కప్పు కింద కూర్చుని ఆన్‌లైన్ పరీక్షకి ప్రిపేరయ్యే పిల్లలు ఇక్కడ ఇంటికొకరు. ఫ్యాను చల్లదనం పుట్టించదు, గదిలో గాలినే లాగి రెక్కల మీద పోస్తుంది. గది పది డిగ్రీలు ఎక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు ఆ పదీ ఎక్కుతుంది. దుమ్ము పట్టని కొత్త ల్యాప్‌టాప్‌కి కూడా ఇక్కడ ఏప్రిల్, మే నెలలు కష్టకాలమే.

అందుకని ఖర్చు లేని పనులు కొన్ని. పరుపు మీద, ఒళ్లో దుప్పటి మీద పెట్టొద్దు, కింది కన్నాలు మూసుకుపోతాయి. నరసరావుపేటలో ఇంజినీరింగ్ చదివే ఒక అమ్మాయి కూలింగ్ ప్యాడ్ కొనిపెట్టమని వాళ్లమ్మని పోరుతుంటే, వెనక రెండు మూలల కింద కూల్‌డ్రింక్ సీసా మూతలు పెట్టి చూడమన్నాను. అడుగున గాలి ఆడింది, ప్యాడ్ ఖర్చు తప్పింది.  గదిలో ఎయిర్ కూలర్ ఉంటే ఉండనివ్వండి గానీ దాని మూతి ల్యాప్‌టాప్ వైపు తిప్పొద్దు, అది నీళ్ల గాలి. సీలింగ్ ఫ్యాను చాలు.

విండోస్‌లో ఇంకో కిటుకు ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటుంది. 100 బదులు 99 పెట్టండి. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది, కానీ ఆ ఒక్క శాతంతో చాలా ల్యాప్‌టాప్‌లలో టర్బో బూస్ట్ ఆగిపోతుంది. ప్రాసెసర్ తన మామూలు వేగానికి మించి ఉరకడం మానేస్తుంది. వేడి గట్టిగా తగ్గుతుంది. టైపింగుకి, టాలీకి, క్లాసులు వినడానికి తేడా తెలియదు. కొన్ని కొత్త మోడళ్లలో ఈ ఆప్షన్ కనపడదు. వాటిల్లో సెట్టింగ్స్‌లోనే పవర్ మోడ్‌ని తక్కువకి పెట్టుకోవచ్చు. ఎండాకాలం వరకు అలా ఉంచి, తర్వాత మళ్లీ 100 చేసుకోండి.

ఇంకా, మూత మూసి బ్యాగులో పడేసి బస్సెక్కే అలవాటు మానుకోవాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మూత మూస్తే పూర్తి నిద్ర రాదు, ఫోను మాదిరి లోపల ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. గాలి ఆడని బ్యాగులో అది వేడెక్కి, ఊరు చేరేసరికి బ్యాటరీ ఖాళీ, పెట్టె నిప్పు. షట్‌డౌన్ కొట్టి బ్యాగులో పెట్టుకోండి.

వారంటీ ఉన్నవాళ్లు మాత్రం నా దగ్గరికి కూడా రావద్దు, ముందు కంపెనీ సెంటర్‌కే వెళ్లండి. వెళ్లినప్పుడు "ఆగిపోతోంది" అని ఊరుకోకుండా, ఎంతసేపటికి ఆగుతోంది, అప్పుడు ఎన్ని డిగ్రీలు చూపిస్తోంది ఫోటో తీసుకెళ్లి జాబ్ షీటులో రాయించండి. విప్పి ఫ్యాను, పేస్టు చూశారా లేదా అని అడగండి. బోర్డు మార్చాలంటే ఎందుకో కాగితం మీద ఇమ్మనండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. కాగితం అడిగేసరికే కొన్ని బోర్డులు బాగైపోతాయి.

చివరగా ప్రభుత్వానికి మీ పత్రిక ద్వారా ఒక మనవి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న దానికోసం పోర్టల్ తెరిచింది. 2024లో మొబైళ్లు, ఎలక్ట్రానిక్స్‌కి రిపేరబిలిటీ ఇండెక్స్, అంటే ఏ వస్తువు ఎంత తేలిగ్గా బాగుచేసుకోవచ్చో మార్కులు వేసే పద్ధతి కోసం ఇంకో కమిటీ వేసింది. ఫ్రాన్సులో ల్యాప్‌టాప్‌లకి ఇలా పదికి ఇన్ని అని మార్కులు వేసి షాపులో చూపించడం 2021 జనవరిలోనే మొదలైంది. మనకీ రావాలి. వచ్చేటప్పుడు మాత్రం ఢిల్లీ ఏసీ గదిలో కూర్చుని మార్కులు వేయొద్దు. ఫ్యాను దాకా చేరడానికి ఎన్ని స్క్రూలు, ఎన్ని జిగురు పట్టీలు విప్పాలి? నేను చూసినవాటిల్లో కొన్ని మోడళ్లలో అడుగు మూత తీస్తే ఫ్యాను చేతికొస్తుంది. కొన్నిటిలో కీబోర్డు, బోర్డు మొత్తం బయటికి తీస్తే గానీ దాని ముఖం కనపడదు. ఒకే ధర, ఒకే కంపెనీ, రెండు రకాలూ ఉన్నాయి. కొనేవాడికి ఆ తేడా డబ్బా మీద కనపడాలి. సర్వీస్ మాన్యువల్ పెట్టని కంపెనీకి మార్కులు కోయాలి. 35 డిగ్రీల హద్దు పెట్టి ఈ దేశంలో అమ్ముతున్నప్పుడు, 45 డిగ్రీల గదిలో ఎంతసేపు నడుస్తుందో పరీక్షించి ఆ అంకె కూడా ధర పక్కనే వేయాలి.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మెకానిక్,
పిడుగురాళ్ల, పల్నాడు జిల్లా